ఇంటర్వెల్ దాకా చూసిన సినిమా

నాగర్‌కర్నూల్ బస్సు ఇంకా రాలేదు. గద్వాల బస్సు మాత్రం వచ్చి పక్క ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది, ఇంజను ఆపకుండా, ఎవరికోసమో కాచుకున్నట్టు. అది తనకోసమేనేమో అనిపించింది సిమెంటు బెంచీ మీద కూర్చున్న నాగేంద్రమ్మకు, మరుక్షణమే ఆ అనుకోవడానికి తనలో తనే నవ్వుకుంది. అరవై ఆరేళ్ళొచ్చాయి, వేషం కట్టడం మానేసి ఇరవై నాలుగేళ్ళయింది, అయినా లోకమంతా తనవైపే తిరిగి కూర్చుందనుకునే అలవాటు ఒంట్లో ఏ మూలో మిగిలే ఉంది, ముఖానికి పూసుకున్న అర్దళం ఎంత రుద్ది కడిగినా చెవుల వెనక కాస్త పచ్చగా మిగిలినట్టు. మాఘమాసమే అయినా మధ్యాహ్నం రెండింటి వనపర్తి ఎండ గట్టిగానే కొడుతోంది. లేచి నాలుగడుగులు వేస్తే గద్వాలకు పోవచ్చు, పొద్దు గూకక ముందే ఇంటి అరుగు మీద కూర్చొని, సగంలో ఆపి వచ్చిన పట్టుచీర కొంగుకు కుచ్చులు కట్టుకోవచ్చు. ఇక్కడే కూర్చుంటే ఇవాళో రేపో నాగర్‌కర్నూల్ బస్సొస్తుంది, అదెక్కితే శైలజ కాళ్ళ ముందర కూర్చోవాలి. ఆడవాళ్ళకు రెండు బస్సుల్లోనూ సున్నా టికెట్టే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కాని కండక్టరు యాడికి అని అడుగుతుంది, ఆ ఒక్క మాట మాత్రం ఎవరిది వాళ్ళే చెప్పాలి.

మూడు రోజుల కింద, కుచ్చు ముడి పంటితో బిగిస్తుంటే ఫోను మోగింది. అక్కా నేను శైలజను, అంది అవతలి గొంతు. ఏ శైలజ, అంది తను. అంటూనే తనమీద తనకే విసుగేసింది, ఆ గొంతు తెలియకపోవడమేమిటి, మూడేళ్ళపాటు తన వీపు వెనక నిలబడి తన ప్రతి పాటకూ వంత పాడిన గొంతు, ఒళ్ళు ముందు గుర్తుపట్టింది, వీపు మీద చిన్నగా వెచ్చబడింది కూడా.

"ధరూర్ శైలజను అక్కా. నీ ఎనక పాడిన శైలజను."

"ఆఁ. చెప్పు."

"నీలావతి యాషం ఇడుస్తున్న. మోకాళ్ళు వంగుతలేవు, షుగరొచ్చింది. నవనీత అని ఒక పిల్ల ఉంది, మంచిగ పాడ్తది. శనివారం నాగర్‌కర్నూల్‌ల నాటకం. ఆ పిల్లకు గజ్జె కట్టాలె. నేను కట్టాలంటె ముందుగాల నాకు నువ్వు కట్టాలె గద. నువ్వు కట్టలేదు."

కోపంగా అనలేదు, కూరలో ఉప్పు వేయలేదన్నంత మామూలుగా అంది. చూస్త, అని నాగేంద్రమ్మ ఫోను పెట్టేసింది.

నర్సింహులు మాస్టర్ నాటక కంపెనీలో అదొక పద్ధతి. ఒక వేషం వదిలేసే మనిషి, ఆ వేషం ఎత్తుకునే మనిషి ముందర నేల మీద కూర్చొని, తన చేతులతో గజ్జె కట్టాలి. రాజు వేషమైనా అంతే, రాణి వేషమైనా అంతే. కట్టించుకోకుండా కూడా ఆడొచ్చు, ఎవరూ చెయ్యి పట్టి ఆపరు, జనం ఈలలూ వేస్తారు. కాని కట్టించుకోని మనిషి ఇంకొకరికి కట్టడానికి లేదు, ఆ వేషం ఆ మనిషితోనే ఆగిపోతుంది. అట్లాంటి దాన్ని కంపెనీలో ఎత్తుకపోయిన వేషం అనేవాళ్ళు. నీలావతి నాటకం మాస్టర్ సొంతంగా రాసుకున్నది, హార్మోనియం మెట్ల మీద ఒక చెయ్యి పెట్టి రెండో చేత్తో రాసింది, అచ్చు కాలేదు, ఇంకో కంపెనీకి రాదు. యుద్ధానికి పోయిన కొడుకును వెతుక్కుంటూ ఏటి ఒడ్డున ఒక్కతే నడిచే రాణి. ఆ రాణి ఇప్పుడు శైలజ మోకాళ్ళ దగ్గర ఆగి ఉంది. నాగేంద్రమ్మ గద్వాల బస్సెక్కితే అక్కడే ఆగిపోతుంది. మంచిగయింది, ఆగనీ, అనుకోవడానికి ప్రయత్నించింది. ఆ మాట మనసులోకి వచ్చి నిలబడింది గాని కూర్చోలేదు.

తనకు కట్టింది రుక్కమ్మ. కొల్లాపూర్‌లో, మామిడితోపు అంచున వేసిన పందిట్లో, తనకు ఇరవై ఏళ్ళు. రుక్కమ్మ కింద కూర్చొని ఒక్కో ముడి వేసి మళ్ళీ విప్పి మళ్ళీ వేస్తుంటే, తొందరగా కానియ్యవేంది అని తను కాలు కదిపింది. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రుక్కమ్మ ముఖం రావడం లేదు, పైనుంచి చూసిన పాపిట ఒక్కటే వస్తోంది, తెల్ల వెంట్రుకల మధ్య వంకరగా పోయిన పాపిట. ఆ ముఖంలో ఏముందో తను చూడలేదు. వేషం అందుకునే వాళ్ళు కిందికి చూడరు, ముందుకు చూస్తారు. రుక్కమ్మ ఏడ్చిందో, హాయిగా ఊపిరి తీసుకుందో, ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుందో తనకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు తనే నీలావతి. గద్వాల నుంచి రాయచూరు దాకా, ఏ ఊళ్ళో ఆడినా, ఏటి ఒడ్డు పాట అయ్యాక జనం ఒన్స్ మోర్ అని అరిస్తే తను వెంటనే పాడేది కాదు, మంచినీళ్ళు తాగినట్టు ఒక క్షణం ఆ అరుపును తాగి, అప్పుడు మొదలుపెట్టేది.

శైలజ వచ్చింది ఆ రోజుల్లోనే. పత్తి చేలల్లో కూలికి పోయే వాళ్ళ పిల్ల, ధరూర్ పక్కన, ఆదివారం చర్చిలో పాడుతుంటే మాస్టర్ చెవిన పడింది. పంతొమ్మిదేళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది. నాటకం పెట్టించుకున్న ఊళ్ళో పెద్దమనుషుల ఇంట్లో అన్నాలు వడ్డిస్తే, ఆ పిల్ల విస్తరి కాస్త ఎడంగా, పశువుల కొట్టం పక్కన వేశారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ అననక్కర్లేనట్టే వేశారు. నాగేంద్రమ్మ తన విస్తరి ఎత్తుకొని పోయి ఆ పిల్ల పక్కన కూర్చుంది. అది గొప్ప అని కాదు, అప్పుడు ఆలోచించి చేసింది కాదు, మంచి గొంతున్న పిల్ల ఒంటరిగా తింటుంటే చూడబుద్ధి కాలేదు, అంతే. పప్పులో నంజుకోవడానికి పచ్చిమిరపకాయ తుంచి సగం ఇచ్చింది. ఆ పిల్ల తలెత్తి చూసిన చూపు ఇప్పటికీ ఉంది. దాన్ని మాత్రం ఇన్నేళ్ళూ బయటికి తీయలేదు. తీస్తే మిగతా కథ నిలవదు.

మిగతా కథ ఆ సినిమాతో మొదలైంది. గద్వాలలో ఒక పాత నలుపు తెలుపు సినిమా మధ్యాహ్నం ఆటకు మళ్ళీ వేశారు, నాటక కంపెనీ కథ అని కంపెనీ కంపెనీ అంతా పోయి కూర్చున్నారు, రెండు వరసలు వాళ్ళే. పెద్ద నటి ఒకామె, శాలువా కప్పుకొని నిలువుటద్దం ముందర కూర్చునేది, ఆమె నవ్వితే మేనేజరు నవ్వేవాడు. పూలమ్ముకునే పిల్ల ఒకతె ఆమె దగ్గర చేరింది. జడ వేసింది, పాలు కాచింది, తెర చిరుగులోంచి చూసి చూసి ఆమె పాఠమంతా నోటికి తెచ్చుకుంది. నాగేంద్రమ్మకు ఒళ్ళు బిగిసింది, చీకట్లో పక్కనే శైలజ కూర్చొని పల్లీలు ఒలిచి తన చేతిలో పెడుతోంది, తను తింటోంది. ఒకచోట పెద్ద నటి అద్దంలో చూసుకుంటుంటే వెనక ఆ పిల్ల కనపడింది, తల మీద పెద్ద నటి కిరీటం. అద్దంలోనే ఇద్దరి కళ్ళూ కలిశాయి. అక్కడ బొమ్మ ఆగిపోయి విశ్రాంతి అని పడింది, లైట్లు వెలిగాయి, మాస్టర్ లేచి పంచె దులుపుకున్నాడు. నాటకాలోళ్ళు ఏ సినిమా అయినా ఇంటర్వెల్ దాకానే చూస్తారు. మిగతా సగం చూస్తూ కూర్చుంటే ఊరు చేరేదెప్పుడు, రంగు వేసుకునేదెప్పుడు. ఆ కంపెనీలో ఏ ఒక్కరికీ ఒక్క సినిమా చివర కూడా తెలియదు. బస్సులో పోతూ తలా ఒక ముగింపు చెప్పుకునేవాళ్ళు, అది వాళ్ళ ఆట. రాక్షసుడి వేషాలు కట్టే మహిపాల్ ఆ రోజు వెనక సీట్లోంచి మెడ చాచి, "అక్కా, నీ కిరీటం జర పైలం. నీ ఎనకనే ఉంది పూలపిల్ల," అన్నాడు. బస్సంతా నవ్వింది. శైలజ కూడా నవ్వింది. శైలజ ఎందుకు నవ్వింది.

ఒక సగం బొమ్మ చూపించి ఆపేస్తే మనసు మిగతా సగం ఊరికే వదిలిపెట్టదు, తన దగ్గరున్న రంగులతోనే గీసుకుంటుంది. నాగేంద్రమ్మ దగ్గర అప్పుడు ఉన్న రంగు భయం. నలభై దాటుతోంది, పై స్థాయికి పోయినప్పుడు గొంతులో సన్నగా ఇసుక రాలుతున్నట్టు ఉంటోంది, అది ఎవరికీ తెలియదనుకుంటోంది. సినిమా చూసిన మర్నాటి నుంచి శైలజ చేసే ప్రతి పనీ సాక్ష్యమైంది. దువ్వెన అందిస్తే సాక్ష్యం. కొంగు కుచ్చెళ్ళు సరిచేస్తే సాక్ష్యం. ఏటి ఒడ్డు పాటలో తను ఊపిరి తీసుకునే చోటనే ఆ పిల్లా ఊపిరి తీసుకునేది. వంత పాడే మనిషి ముందు మనిషితో కలిసి ఊపిరి తీసుకోకపోతే పాట ఎట్లా అతుకుతుంది, అది పని, అది తనే నేర్పింది, అయినా అదీ సాక్ష్యమే. ఒకసారి ఆ పిల్ల కిరీటాల పెట్టె మీద కూర్చుందని చెంప మీద కొట్టినంత పని చేసింది. అందరూ కూర్చునేవాళ్ళు ఆ పెట్టె మీద, ఇంకేం ఉండేది కూర్చోవడానికి. ఆ పిల్ల లేచి నిలబడి, తప్పయింది అక్కా, అంది. ఎంత బాగా నటిస్తోందో, అనుకుంది తను.

తరవాత ధరూర్. ఇది తను ఎన్నిసార్లు చెప్పిందో, గద్వాలలో చీరలు తెచ్చిచ్చే వాళ్ళకు, వీధిలో ఆడవాళ్ళకు, నాటకాల గురించి రాసుకోవడానికి వచ్చిన ఒక కాలేజీ మాస్టరుకు. ఆ రోజు సాయంత్రం ధరూర్ పోవాలి, బస్సు రాలేదు, ఇంకో దారి లేదు, ఆ రాత్రి తను లేకుండానే తెర లేచింది, తన వేషం ఆ పిల్ల కట్టింది, గజ్జె తనే కట్టుకుంది, జనం మూడుసార్లు ఒన్స్ మోర్ అన్నారు. ఒక్క బస్సు, అమ్మా, ఒక్క బస్సు నా బతుకు మార్చింది, అనేది. వినేవాళ్ళు తల ఊపేవాళ్ళు. తను మళ్ళీ కంపెనీకి పోలేదు. ఎత్తుకపోయిన వేషం, అన్న మాట ఊరూరా తిరిగింది, తను తిప్పలేదు, కాని ఎక్కడన్నా ఆగితే కాస్త తోసింది.

నిన్న పొద్దున చెల్లెలి బిడ్డ వసంత ఆ సినిమా ఎక్కడో పట్టి నాగేంద్రమ్మ ఫోనులో వేసిపెట్టింది. పెద్దమ్మా, నువ్వెప్పుడూ చెప్పే పూలపిల్ల సినిమా ఇదేనా, అని. తను ఇప్పుడొద్దంది. ఇప్పుడు బెంచీ మీద చేతులు ఊరికే ఉన్నాయి, కుచ్చులు కట్టే చేతులకు ఊరికే ఉండటం చేతకాదు. సంచీలోంచి ఫోను తీసింది, చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకుంది, వేలితో జరిపి జరిపి సరిగ్గా అద్దం దగ్గరికి తెచ్చింది. కిరీటం, రెండు జతల కళ్ళు, విశ్రాంతి. దాని తరవాత తెర కాస్త వణికి, ఇరవై ఐదేళ్ళుగా తనకోసం ఆగిన రెండో సగం మొదలైంది. పూలపిల్ల కిరీటం తీసి చేతిలో పెట్టింది. రాయి ఊడింది అమ్మా, లక్కతో అతికించిన, తలకు సరిగ్గ ఉంటదో ఉండదో అని చూసిన, అన్నట్టు చెప్పింది. పెద్ద నటి నవ్వి తల నిమిరింది. అంతే, అయిపోయింది. ఆ తరవాత సినిమాకు నాటకం సంగతే జ్ఞాపకం లేదు. మేనేజరు దొంగ అని తేలింది, ఏదో నిధి కోసం పెద్ద నటిని గుహలో కట్టేశాడు, గుర్రం మీద ఒకాయన వచ్చాడు, పూలపిల్ల మంట పట్టుకొని ముందు నడిచింది, చెయ్యి మీద పుట్టుమచ్చ చూస్తే చిన్నప్పుడు జాతరలో తప్పిపోయిన సొంత చెల్లెలు. ఆఖరున రెండు పెళ్ళిళ్ళు ఒకే పందిట్లో, ఫోటో దిగుతున్నట్టు అందరూ వరసగా నిలబడ్డారు, మేనేజరు కూడా, సంకెళ్ళతో, నవ్వుతూ.

నాగేంద్రమ్మకు మొదట కోపం వచ్చింది, ఎవరో తనను మోసం చేసినట్టు. తరవాత పొట్టలో ఎక్కడో చిన్నగా కదిలి, పైకి వచ్చి, నోరు మూసుకున్నా ఆగకుండా నవ్వైంది. పక్కన ఉడకబెట్టిన పల్లికాయ గంప పెట్టుకొని కూర్చున్నామె ఇటు తిరిగింది.

"ఏందమ్మా, ఒక్కదానివే నగవడ్తివి."

"పాత సినిమా చూసిన."

"నగిచ్చే సినిమానా?"

"కాదు. ఏడిపిచ్చేదనుకున్న, ఇన్నేండ్లు."

"గట్లనే ఉంటయిలే," అని ఆమె ఒక గుప్పెడు పల్లికాయ చేతిలో పోసింది, "తిను, ఉప్పు మంచిగ వట్టింది."

వెచ్చగా ఉన్నాయి. గింజ నోట్లో వేసుకుంటే ఉప్పు నాలుక అంచులకు తగిలి, అక్కడినుంచి ఇంకేదో దారి తెరుచుకుంది. ఉప్పు, వేడి, నూనె వాసన. గద్వాల బస్టాండు ఎదురుగా మిర్చీల బండి, మూకుట్లో పొంగుతున్న మిరపకాయ బజ్జీలు. ధరూర్ పోవలసిన సాయంత్రం. నాటకమున్న రోజు మధ్యాహ్నం నుంచి తినకూడదు, పొట్ట నిండితే పై స్థాయి అందదు, ఇరవై రెండేళ్ళు తినలేదు. ఆ రోజు సంచీ భుజాన వేసుకొని బండి ముందు నుంచి పోతుంటే ఆకలేసింది, భయం కాదు, ఆత్రం కాదు, ఉట్టి ఆకలి, చిన్నపిల్లకు వేసినట్టు. రెండు మిర్చీలు అడిగింది. తరిగిన ఉల్లిపాయ వేసి, మీద నిమ్మకాయ పిండి ఇచ్చాడు. బెంచీ మీద కూర్చుంది, మొదటిది కొరికింది, నాలుక కాలింది. అప్పుడు బస్సొచ్చింది. వచ్చింది. ధరూర్ ధరూర్ అని కండక్టరు అరిచాడు, రెండుసార్లు. ఇది తిని పోదాం, అనుకుంది, బస్సు ఆగుతుందన్నట్టు. చేతిలో రెండో మిర్చి ఉంది. లేవాలని కాళ్ళకు చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు, చల్లారిపోతుందన్న ఒక్క ఆలోచనే ఉంది తలలో. బస్సు వెనక భాగం చౌరస్తా తిరిగి కనపడకుండా పోయింది. గుండె ఝల్లుమనాలి. మనలేదు. చెమట పట్టిన మెడ మీద గాలి తగిలినట్టు ఏదో తేలికగా తగిలింది. ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కొని, దీపాలు పెట్టే వేళకే పడుకుంది, తెల్లారి కోళ్ళు కూసేదాకా ఒక్క కల లేకుండా నిద్రపోయింది. అట్లాంటి నిద్ర అంతకు ముందు ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

పొద్దున మాస్టర్ గడప దగ్గర నిలబడి, ఏమైంది నాగేంద్రమ్మా, అన్నాడు. ఆలోచించకముందే నోరు చెప్పింది, బస్సు రాలేదు. అప్పుడే ఆయన, పిల్ల నిలబెట్టింది, మూడుసార్లు ఒన్స్ మోర్, అన్నాడు. అప్పుడు ఝల్లుమంది గుండె. ఆ క్షణాన తనకు ఒక కథ కావలసి వచ్చింది, చేతికందే దూరంలో ఒక సినిమా ఉంది, సగమే ఉంది, అయినా సరిపోయింది.

ఇదంతా తనకు తెలియక కాదు. తెలిసీ, తెలిసిన చోటికి పోకుండా పక్కనుంచి నడిచేది, ఇంట్లో ఒక గది తాళం వేసి ఉంచి దాని ముందు నుంచే రోజూ తిరిగినట్టు. అసలు తాళం వేసింది తప్పు మీద కూడా కాదు, సంతోషం మీద. మానేశాక తను సుఖంగా ఉంది. వేళకు తింది, వేళకు పడుకుంది. పొద్దున్నే అరుగు మీద నీళ్ళు చల్లి, చాయ్ తాగి, పట్టు కొంగు ఒళ్ళో పరుచుకొని ఒక్కో పోగు పేని ముడి వేస్తుంటే, వేళ్ళ కింద కుచ్చు వరస పెరుగుతుంటే, లోపల ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా నిండుగా ఉండేది. తను కట్టిన కుచ్చులు ఎవరి పెళ్ళిలోనో ఎవరి భుజం మీదనో ఊగుతాయి, ఎవరు కట్టారో ఎవరూ అడగరు, అదీ బాగుండేది. కాని రాణి వేషం పోగొట్టుకున్న మనిషి సుఖంగా ఉందంటే ఎవరు నమ్ముతారు, ముందు తనే నమ్మలేదు. ఇరవై రెండేళ్ళ రాణి అంత తేలికగా దిగిపోతుందా. అందుకని ఎవరన్నా వస్తే కళ్ళు కాస్త కిందికి దించేది, గొంతు కాస్త బరువు చేసేది, వాళ్ళు పోయాక మళ్ళీ పాట హమ్ చేసుకుంటూ పోగు పేనుకునేది. స్టేజీ దిగిపోయి కూడా ఒక్క వేషం వదల్లేదు, అన్యాయమైపోయిన ఆడమనిషి వేషం. దాన్ని ఇప్పటిదాకా మోసింది. ఇవాళ నాగర్‌కర్నూల్ పోతే వదలాల్సింది నీలావతిని కాదు, ఆమె ఎప్పుడో పోయింది. దీన్ని. దీన్ని వదిలితే గద్వాలలో తనను చూసి తల ఊపేవాళ్ళు ఏమంటారు. ఏమంటారులే, కుచ్చులు ఎప్పటికి అయితయి అంటారు.

తలెత్తి చూస్తే గద్వాల బస్సు లేదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు. అరగంటకో బస్సు, ఇంకోటి వస్తుంది, అదేమీ పెద్ద విషయం కాదు, అయినా ఖాళీ జాగా చూస్తే ఊపిరి కాస్త లోతుకు పోయింది. ఫోను మోగింది, సినిమా చూసిన ఫోనే, శైలజ పేరు. వసంత పెట్టిన పేరు అది, తనకు పెట్టడం రాదు.

"అక్కా, యాడున్నవ్?"

"వనపర్తి బస్టాండ్ల."

అటు పక్క చాపలు పరుస్తున్న చప్పుడు, ఎవరో హార్మోనియం తిత్తి సరిచూస్తున్నారు.

"ఒస్తున్నవన్నట్టేనా మరి."

"ఒక మాట చెప్పాలె నీకు. ఇన్నంక గుడ రమ్మంటె ఒస్త."

"చెప్పు."

గొంతులో పాత ఇసుక రాలింది. ఎన్ని పందిళ్ళలో ఎన్ని వందల మంది ముందు ఎంతెంత పొడుగు పాటలు ఊపిరి తెగకుండా పాడిందో, ఈ నాలుగు మాటలకు ఊపిరి రెండుసార్లు తీసుకోవలసి వచ్చింది.

"ధరూర్ నాటకం దినం బస్సొచ్చింది. నేనే ఎక్కలే."

అటు హార్మోనియం ఆగింది, శైలజే చెయ్యి ఊపి ఆపిందేమో.

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"బస్సొచ్చిందని తెలుసు. కిరీటాల పెట్టె దాని మీదనే ఒచ్చె గద. మాస్టర్ ఇంటి మలుపు కాడ ఎక్కిచ్చిన్రు. మహిపాల్ మామ గుడ దాంట్లనే దిగిండు. పెట్టె దిగింది, మామ దిగిండు, నువ్వు దిగలే."

నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుంది. పెట్టె. ఇన్నేళ్ళలో ఆ పెట్టె ఎట్లా పోయిందని ఒక్కసారి అనుకోలేదు. కిరీటం లేకుండా రాణి ఎట్లా అయిందనుకుంది తను.

"అందరికి ఎరికేనా?"

"కంపెనీల ఎరుక లేనిదెవలికి."

"మరి ఒక్కలన్న నన్ను అడగలేదేందే."

"మాస్టర్ ఒద్దన్నడు. ఆమె చెప్పిన్నాడు ఇందాం, అన్నడు. నువ్వు చెప్పకపోతివి. ఆయన పాయె."

"నిన్ను ఊరూర దొంగ అన్నరు గద. నువ్వన్న చెప్పొద్దా."

"దొంగ అన్నోళ్ళే ఒన్స్ మోర్ గుడ అన్నరక్కా. నాకు ఒకటి ఇనవడితె ఒకటి ఇనవడకపోతుండె. నేను చెప్తె నిన్ను నగుతరు. నన్నంటె ఏముంది, అన్నరు, అయిపాయె. నా పక్కన ఇస్తరేసుకొని కూసున్నదానివి, నిన్ను నగితె నేను సూస్తనా."

బస్టాండు మైకులో ఏదో బస్సు పేరు చెబుతున్నారు, నాగేంద్రమ్మకు వినపడలేదు. తను దాచిన చూపు అవతల కూడా ఎవరో ఇన్నేళ్ళు దాచి ఉంచారు. తనది సాక్ష్యాల అడుగున పడి ఉంది, ఆమెది పైనే పెట్టుకుంది, తేడా అంతే.

"కాకపోతె ఒక్కటి తెల్వదక్కా," అంది శైలజ, ఇప్పుడు గొంతులో పాత చిలిపితనం తొంగిచూసింది, "ఎందుకెక్కలే? మహిపాల్ మామ నీకు పానం బాగలేదనె. మాస్టర్ గొంతు పోయిందేమో అనె. నేనైతె నా మీద కోపంతోని అనుకున్న. ఇన్నేండ్ల సంది ఎవలకు తోచినట్టు వాళ్ళు అనుకుంటున్నం. ఎందుకెక్కలే?"

"మిర్చీలు తింటున్న."

"ఏందీ?"

"మిర్చీలు. ఏడిగున్నయి. రెండోది చల్లారుతదని."

శైలజ నవ్వింది. మొదట ముక్కులోంచి, తరవాత గొంతులోంచి, తరవాత షుగరూ మోకాళ్ళూ అన్నీ మరిచిపోయి ఒళ్ళంతా కదిలేట్టు, మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో మళ్ళీ నవ్వు. నాగేంద్రమ్మ ఫోను చెవికి నొక్కి పెట్టుకొని ఆ నవ్వును పూర్తిగా విన్నది. ఇద్దరి నవ్వూ ఒకచోట ఆగింది, ఊపిరి తీసుకోవడానికి.

"రా అక్కా," అంది శైలజ కళ్ళు తుడుచుకుంటున్న గొంతుతో. "జల్ది రా. ఆ పిల్ల పొద్దట్నించి పరేషాన్‌ల ఉంది, పాఠం ఒక్కటి యాదికుంటలేదంట. ఇంకోటి, నా కాళ్ళు వాసినయి, గజ్జెల తాడు సుట్టు అందుతలేదు. తోవల యాడన్న గట్టి తాడు దొరుకుతె పట్కరా."

"పట్కొస్త."

బస్టాండు మూలకు మొలతాళ్ళు, పూసలదండలు, దువ్వెనలు వేలాడదీసిన చిన్న దుకాణం. నాగర్‌కర్నూల్ బస్సొస్తే పిలవమని పల్లీల ఆమెకు చెప్పి, నాగేంద్రమ్మ సంచీ భుజాన వేసుకొని పోయింది. ఎర్రటి తాడు కండె చూపించి, రెండు పేటలు చేసి పేనితే ఆగుతుందా అని గోటితో గీరి చూసింది, కుచ్చులు కట్టే గోరుకు పోగు గట్టిదో కాదో తెలుస్తుంది. ఆగుతుంది. దుకాణం అతను కొలబద్ద తీశాడు.

"పిల్లలకా అమ్మా, పెద్దోళ్ళకా?"

"పెద్దోళ్ళకే."

కొలబద్ద వద్దంది. వెనక ప్లాట్‌ఫారం మీదికి బస్సొచ్చి ఆగిన చప్పుడు, నాగర్‌కర్నూల్ నాగర్‌కర్నూల్ అని ఆడ కండక్టరు గొంతు. పల్లీల ఆమె అటునుంచి, నీ బస్సొచ్చిందమ్మా, అని కేక వేసింది. నాగేంద్రమ్మ తలూపి, ఒక చెయ్యి దుకాణం బల్ల మీద ఆనించి, కష్టంగా వంగి తాడు తన చీలమండ చుట్టూ రెండు చుట్లు చుట్టింది. అక్కడ వేలితో పట్టుకొని పైకి లేచింది. ఆ కొలత మీద ఇంకో జానెడు కలిపి, ఇక్కడికి తెంపు, అంది.